వాగ్నర్‌ను చూసి నవ్వే పియానో రచన, పది ఇత్తడి వాద్యాలు: ఒక అరేంజ్‌మెంట్ కేస్ స్టడీ

నేపథ్యం

ఫ్రెంచ్ స్వరకర్త క్లాడ్ డెబ్యుస్సీ తన చిన్నారి కూతురు క్లాడ్-ఎమ్మాకు అంకితమిచ్చిన ‘చిల్డ్రన్స్ కార్నర్’ 1908లో పారిస్‌లోని డ్యూరాన్ సంస్థ ప్రచురణగా వెలువడింది. అదే సంవత్సరం డిసెంబరు 18న పియానిస్టు హెరాల్డ్ బావర్ దాన్ని పారిస్‌లో తొలిసారి వాయించాడు. ఆరు భాగాలున్న ఆ రచనలో చివరిదైన ‘గాలివాగ్స్ కేక్‌వాక్’ (గాలివాగ్ అనే బొమ్మ ఆడే కేక్‌వాక్ నృత్యం) ఈ కేసుకు విషయం. నిడివి సుమారు మూడు నిమిషాలు, కొలత రెండు బై నాలుగు, కీ (రచనకు ఆధారమైన స్వరశ్రేణి) ఇ ఫ్లాట్ మేజర్. నడిమి భాగం జి ఫ్లాట్ మేజర్‌లోకి వెళ్తుంది. అక్కడ నృత్యపు నడక హఠాత్తుగా నెమ్మదించి, జర్మన్ స్వరకర్త వాగ్నర్ ‘ట్రిస్టాన్ ఉండ్ ఇసోల్డ’ ఆపెరా మొదటి పలుకు (చిన్న రాగవాక్యం) వినిపిస్తుంది. దాని మీద స్వరకర్త ‘గొప్ప భావోద్వేగంతో’ అని రాశాడు. ఆ పలుకు ముగిసిందో లేదో, పై స్థాయిలో గ్రేస్ నోట్లతో (ప్రధాన స్వరానికి ముందు తళుక్కుమనే పొట్టి స్వరాలతో) కూడిన చిన్న చిన్న శ్రుతిసమూహాలు (కార్డ్‌లు, కలిసి మోగే స్వరాలు) కిసుక్కున నవ్వుతాయి. మళ్ళీ వాగ్నర్, మళ్ళీ నవ్వు. ఆ తర్వాత ఏమీ జరగనట్టు మొదటి నృత్యం తిరిగి వస్తుంది.

ఈ భాగాన్ని పదిమంది ఇత్తడి వాద్యకారుల కోసం కొత్తగా అమర్చిన అనుభవాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. బృందం ఉత్తర ఇంగ్లండ్‌కు చెందిన ఔత్సాహికులది. ఊరు, వేదిక, మనుషుల వివరాలు గుర్తుపట్టే వీలు లేకుండా తీసివేశాను. వారి అమరిక 1951లో ఏర్పడిన ఫిలిప్ జోన్స్ బ్రాస్ ఎన్సెంబుల్ ద్వారా ప్రాచుర్యం పొందినదే: నాలుగు ట్రంపెట్లు, ఒక హార్న్, బాస్ ట్రాంబోన్‌తో కలిపి నాలుగు ట్రాంబోన్లు, ఒక ట్యూబా. ట్రాంబోన్ వాయించేవారిలో ఒకరు యూఫోనియం (చిన్న ట్యూబా లాంటి, మెత్తని ధ్వని గల వాద్యం) కూడా బాగా వాయిస్తారు. ఈ సంగతి తర్వాత చాలా అక్కరకు వచ్చింది.

హక్కుల చిక్కు లేదు. డెబ్యుస్సీ 1918లో మరణించాడు. దీన్ని ఆర్కెస్ట్రాకు మార్చిన ఆండ్రే కాప్లే 1925లో మరణించాడు. అందువల్ల మూల పియానో ప్రతినీ కాప్లే ప్రతినీ పక్కపక్కనే పెట్టుకుని పని చేయగలిగాను.

సమస్య

బృందం దగ్గర ఈ రచనకు అప్పటికే ఒక అరేంజ్‌మెంట్ ఉంది. స్వరాలు తప్పు లేవు, వాద్యాల పరిధికి మించినదేదీ లేదు, వాద్యకారులూ శ్రద్ధగానే వాయించారు. అయినా కచేరీల్లో శ్రోతలు మర్యాదగా చప్పట్లు కొట్టారే తప్ప ఎక్కడా నవ్వలేదు. హాస్యం చాలడం లేదు, ఇంకొంచెం చేర్చండి అన్నది నిర్వాహకుడి (బృందాన్ని నడిపే కండక్టర్) కోరిక. ట్రాంబోన్ల మీద జారుడు స్వరాలు, ట్రంపెట్లకు ప్లంజర్ మ్యూట్‌తో (వాద్యం నోటికి అడ్డం పెట్టి ధ్వనిని మార్చే గిన్నె లాంటి మూత) ‘వావా’ ధ్వనులు, ఒక చిన్న డ్రమ్ము ఆయన మనసులో ఉన్నాయి.

రికార్డింగ్ వింటే నాకు దీనికి విరుద్ధమైన సంగతి కనిపించింది. అందులో హాస్యం తక్కువై కాదు, ఎక్కువై పోయింది. వాగ్నర్ పలుకును ట్రాంబోన్ ‘వావా’ మ్యూట్‌తో వెక్కిరిస్తూ వాయించింది. ఆ పలుకు రాబోతున్నదని చెప్పడానికి రెండు మూడు గతుల (తాళపు కొలత గళ్ళ, అంటే బార్‌ల) ముందు నుంచే వేగం తగ్గించారు. ప్రతి చిన్న స్వరాన్నీ రెండు మూడు వాద్యాలు కలిసి ఊదడంతో పొడిగా ఉండవలసిన తాళం నిండుగా, ఉబ్బుగా వినిపించింది. చెప్పబోయే హాస్యాన్ని తానే ముందు నవ్వి చెప్పినవాడి మాటకు ఎవరూ నవ్వరు. ఇక్కడ జరిగినది అదే.

కాబట్టి నా ముందున్న ప్రశ్న ఏ ధ్వనులు చేర్చాలన్నది కాదు. పియానో మీద ఈ నవ్వు దేని వల్ల పుడుతున్నది, ఆ కారణాల్లో ఏవి ఇత్తడి వాద్యాలకు సహజంగా అందుతాయి, ఏవి అందవు, అందని వాటికి బదులు ఏం చేయాలి అన్నదే అసలు ప్రశ్న.

పియానో మీద నవ్వు ఎక్కడుంది

మూల ప్రతిని చూస్తే నవ్వు పుట్టించే సామగ్రి చాలా తక్కువ. మొదటిది పొడిదనం. ప్రధాన రాగం మొదలయ్యేచోట ‘చాలా స్పష్టంగా, చాలా పొడిగా’ అని డెబ్యుస్సీ రాశాడు. రెండవది నిశ్శబ్దం. మొదటి గతుల్లో రెండు చేతులూ ఒకే స్వరాలను బిగ్గరగా, దిగుతూ, ఎదురు తాళంలో (ప్రధాన దెబ్బ మీద కాక దాని పక్కన ఒత్తు పడేలా) వాయించి ఠక్కున ఆగిపోతాయి. ఆ ఖాళీ తర్వాత మెల్లగా తాళపు నడక మొదలవుతుంది. మూడవది మెల్లని ధ్వని మధ్యలో హెచ్చరిక లేకుండా పడే బిగ్గర శ్రుతిసమూహాలు. నాలుగవది వాగ్నర్ పలుకు, దాని వెంటనే వచ్చే నవ్వు.

ఈ నాలుగింటిలో మూడవది ఇత్తడి వాద్యాలకు పుట్టుకతో వచ్చినది. మిగిలిన మూడూ వాటి స్వభావానికి ఎదురు. పియానో స్వరం సుత్తి తగిలిన క్షణాన గరిష్ఠంగా ఉండి, అప్పటి నుంచి తగ్గుతూ పోతుంది. ఊపిరితో పలికే స్వరం అలా కాదు. ఊపిరి ఉన్నంతసేపు నిలుస్తుంది, కొంచెం పెరగాలని కూడా చూస్తుంది. మన పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళం విన్నవారికి ఇది బాగా తెలుసు. ఆరుబయట, డ్రమ్ముల మధ్య వినపడాలి కనుక అక్కడ ప్రతి స్వరాన్నీ చివరిదాకా నింపి ఊదుతారు, అక్కడ అదే సరైన పద్ధతి. ఇంగ్లండ్ బ్యాండ్లలో పెరిగిన వాద్యకారులకు కూడా స్వరాన్ని నిండుగా నిలపడమే మొదటి పాఠం. ఆ శిక్షణనే ఇక్కడ పక్కన పెట్టమని అడగాలి.

కీ, స్వరస్థానాల నిర్ణయం

నడిమి భాగంలో ఆరు ఫ్లాట్లు ఉన్నాయి కనుక మొత్తం రచనను మరో కీలోకి మార్చమని ట్రాంబోన్ వాద్యకారులు అడిగారు. జి ఫ్లాట్, డి ఫ్లాట్ స్వరాలు ట్రాంబోన్ మీద ఎక్కువగా అయిదవ స్థానంలో పడతాయి, వేగంగా వెళ్ళేటప్పుడు చేయి దూరం సాగాలి. ఒక మెట్టు పైకి, ఎఫ్ మేజర్‌కు తీసుకుపోతే నడిమి భాగం ఎ ఫ్లాట్ అవుతుంది, స్లయిడ్ కష్టం తగ్గుతుంది. అయితే మొదటి ట్రంపెట్ అంతసేపూ ఒక మెట్టు ఎత్తులో ఉండవలసి వస్తుంది. పెదవులు అలసిన ట్రంపెట్ పొడిగా వాయించలేదు, ఒత్తిడితో స్వరాన్ని పొడిగిస్తుంది. కిందికి, డి ఫ్లాట్‌కు దించితే తాళపు మంద్రస్వరాలు మరింత లోతుకు పోయి మసకబారతాయి.

మొదటి, చివరి భాగాలను ఇ ఫ్లాట్‌లోనే ఉంచి, నడిమి భాగాన్ని మాత్రం ఎఫ్ మేజర్‌కు మార్చవచ్చన్న సూచన కూడా వచ్చింది. దీన్ని నేను గట్టిగా కాదన్నాను. ఇ ఫ్లాట్ నుంచి జి ఫ్లాట్‌కు దూకడంలో ఒక వింత దూరం ఉంది. వీధిలో జరుగుతున్న నృత్యం హఠాత్తుగా పరదాలు వేసిన గదిలోకి జరిగినట్టు వినిపించేది ఆ దూరం వల్లనే. పక్క స్వరానికి జరిపితే అది కేవలం కీ మార్పుగా మిగులుతుంది. చివరకు మూల కీలనే ఉంచాను. బి ఫ్లాట్ ట్రంపెట్లకు అవి ఎఫ్, ఎ ఫ్లాట్ మేజర్లుగా పడతాయి కనుక ఇబ్బంది లేదు. ట్రాంబోన్ల కష్టాన్ని కీ మార్చి కాక, నడిమి భాగంలో వాటికి వేగమైన స్వరాలు తగ్గించి తీర్చాను.

పొడిదనం: ఏవి ప్రయత్నించాం, ఏవి నిలబడలేదు

తాళపు నడకను మొదట మూల ప్రతికి దగ్గరగా రాశాను. మంద్రస్వరం ట్యూబాకు, ఎదురు దెబ్బలు హార్న్‌కు, ట్రాంబోన్లకు ఇచ్చాను. కాగితం మీద సరిగ్గానే ఉంది. వాయిస్తే ట్యూబా ఎప్పుడూ వెంట్రుకవాసి వెనక ఉంది. ఇందులో వాద్యకారుడి లోపం లేదు. అంత పొడవైన గొట్టంలో, అంత మెల్లని స్థాయిలో స్వరం పలకడానికి కొంత సమయం పడుతుంది, ట్రంపెట్‌కు అది పట్టదు. ఎదురు తాళం మీద నిలబడిన సంగీతంలో ఆ ఆలస్యం కాలు ఈడ్చినట్టు వినిపిస్తుంది.

స్ట్రెయిట్ మ్యూట్ (వాద్యం నోట్లో బిగించే శంకువు ఆకారపు మూత) పెట్టిన బాస్ ట్రాంబోన్‌కు మంద్రస్వరం ఇచ్చి, ట్యూబాను బిగ్గర శ్రుతిసమూహాలకు మాత్రమే అట్టేపెట్టడం పరిష్కారమైంది. మ్యూట్ వల్ల స్వరం మొదలు పదునెక్కుతుంది, తోక సన్నబడుతుంది. ఇంకొక లాభం కూడా కలిగింది. చాలాసేపు మౌనంగా ఉన్న ట్యూబా ఒక్కసారిగా బిగ్గర దెబ్బకు చేరినప్పుడు ఆ దెబ్బ బరువు రెట్టింపయింది. ట్యూబా వాద్యకారుడికి స్వరాలు తగ్గాయన్న చిన్న నిరాశ ఉండేది. మొదటి రిహార్సల్‌లో ఆ దెబ్బ విన్నాక ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

స్వరాలను ఎలా రాయాలన్నది మరో నిర్ణయం. ఎనిమిదో వంతు స్వరం మీద స్టకాటో చుక్క (పొట్టిగా వాయించమనే గుర్తు) పెడితే బృందం దాన్ని సగం పొడవున, గుండ్రంగా వాయించింది. ఇంకా పొట్టిగా అని నోటితో చెబితే రెండు గతులు గుర్తుంటుంది, మూడవదానికి పాత అలవాటు తిరిగి వస్తుంది. తాళపు నడకలో మాత్రం ఎనిమిదో వంతును పదహారో వంతుగా మార్చి, దాని పక్కన విరామ చిహ్నం రాశాను. కంటికి విరామం కనబడితే ఊపిరి ఆగుతుంది. ఈ పద్ధతిని ప్రధాన రాగానికి కూడా విస్తరిస్తే కాగితమంతా విరామ చిహ్నాలతో నిండి చదవడం కష్టమవుతుందని అక్కడ చుక్కలే ఉంచాను.

ప్రధాన రాగాన్ని మొదటి, రెండవ ట్రంపెట్ల మధ్య అరగతికొకసారి పంచి చూశాం. మొదటి ట్రంపెట్ పెదవులకు విశ్రాంతి దొరుకుతుందన్నది అందులోని ఆలోచన. అది నిలబడలేదు. పొట్టి, పొడవు, పొట్టి అన్న ఆ ఎదురు తాళపు ముక్కకు ఒకే శరీరం ఉండాలి. ఇద్దరి మధ్య విరిచేసరికి ఇద్దరూ సరిగ్గానే వాయించినా అతుకు వినిపించింది. మార్చి మొత్తం వాక్యాన్ని ఒకరికే ఇచ్చి, వాక్యం ముగిసిన తర్వాతే చేతులు మార్చాను. విశ్రాంతి కొంత తగ్గింది, నడక నిలిచింది.

డ్రమ్మును ఒక రిహార్సల్‌లో ప్రయత్నించాం. పొడిదనం వెంటనే వచ్చినట్టు అనిపించింది, కానీ అది డ్రమ్ము తెచ్చిన పొడిదనం. వాద్యకారులు దాని మీద ఆనుకుని తమ స్వరాలను మళ్ళీ పొడిగించసాగారు. తీసేశాం.

నిశ్శబ్దం

నేను ఎక్కువ సమయం పెట్టినది ఇక్కడే. మొదటి దూకుడు తర్వాత వచ్చే ఖాళీ ఈ రచనకు తలుపు వంటిది. పియానో మీద చేయి ఎత్తగానే డాంపర్ (తీగను ఆపే మెత్తని దిమ్మ) తీగను నొక్కి ధ్వనిని తుంచేస్తుంది, పియానిస్టు కదలడు. ఇత్తడి బృందంలో ఆ ఖాళీలో రెండు పనులు జరుగుతున్నాయి. కొందరు నాలుకతో స్వరాన్ని కోసి ఆపుతున్నారు, దాంతో చివర ఒక గట్టి చప్పుడు వినిపిస్తున్నది. ఇక పదిమందీ తర్వాతి ప్రవేశానికి సరిగ్గా ముందు ఊపిరి పీలుస్తున్నారు. ఇరవై భుజాలు పైకి లేవడం శ్రోతలకు కనిపిస్తుంది, పీల్పు వినిపిస్తుంది కూడా. ఆ క్షణానికి ఖాళీ నిశ్శబ్దంగా ఉండడం మాని, సన్నాహంగా మారిపోతుంది.

రెండు మార్పులు చేశాను. ఆఖరి బిగ్గర స్వరాన్ని అందరికీ ఒకే పొడవున రాయకుండా కింది వాద్యాలకు కొంచెం పొట్టిగా రాశాను. కింది ధ్వని గదిలో ఎక్కువసేపు తిరుగుతుంది కనుక అలా చేస్తేనే అంతా కలిసి ఆగినట్టు వినిపిస్తుంది. ఊపిరి గుర్తును ఖాళీ చివర కాక మొదట్లో పెట్టాను. బిగ్గర స్వరం ప్రతిధ్వనిలోనే పీల్చుకుని, ఆ తర్వాత కదలకుండా నిలబడాలి. పైగా తర్వాతి తాళపు నడకను మొదలుపెట్టేది ముగ్గురే కనుక మిగిలిన ఏడుగురికి ఆ ఖాళీలో ఊపిరి అవసరమే లేదు. ఈ ఒక్క మార్పుతో శ్రోతల్లో కదలిక మొదలైంది. ఏదో జరగబోతున్నదని కాదు, ఏం జరిగిందో అర్థం కాక.

వాగ్నర్ పలుకు

‘ట్రిస్టాన్’ 1865లో మ్యూనిక్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. దాని ప్రిల్యూడ్ (తెర లేవకముందు వాయించే ప్రారంభ సంగీతం) మొదటి పలుకును చెల్లోలు (వయొలిన్ కుటుంబానికి చెందిన పెద్ద తీగ వాద్యాలు) ఎత్తుకుంటాయి, ఒబో, క్లారినెట్, ఇంగ్లిష్ హార్న్, బసూన్‌లు కలిసి జవాబిస్తాయి. తీరని కోరికకు సంగీతంలో మారుపేరుగా నిలిచిన పలుకు అది. డెబ్యుస్సీ యౌవనంలో వాగ్నర్‌ను ఆరాధించి, వాగ్నర్ ఆపెరాల ఉత్సవం జరిగే జర్మన్ పట్టణం బైరాయిట్‌కు వెళ్ళి విని వచ్చినవాడు. తర్వాత ఆ ప్రభావం నుంచి బయటపడడానికి చాలా పెనుగులాడినవాడు. అందువల్ల ఈ నవ్వులో ద్వేషం లేదు. ఒకప్పుడు మోకరిల్లిన చోటును దాటిపోతూ నవ్విన నవ్వుగా నేను దీన్ని వింటాను. వాగ్నర్ పలుకును వెక్కిరించేలా వాయించడం స్వరకర్త రాసిన మాటకు కూడా విరుద్ధం. ఆయన ‘గొప్ప భావోద్వేగంతో’ అన్నాడు, నేను దాన్ని అక్షరాలా తీసుకున్నాను. వాగ్నర్ ఎంత నిజంగా వినిపిస్తే తర్వాతి నవ్వు అంతగా పేలుతుంది.

ఏ వాద్యానికి ఇవ్వాలన్న దానిలో మూడు అవకాశాలు ఉన్నాయి. హార్న్ వాగ్నర్‌కు దగ్గరి వాద్యమే, కానీ ఆ స్థాయిలో దాని ధ్వని అడవి, వేట వంటి గంభీర దృశ్యాలను పిలుస్తుంది. ట్రాంబోన్ మీద అర్ధస్వరాల దిగుడు ఎంత జాగ్రత్తగా వాయించినా జారుడు ధ్వని చేరే ప్రమాదం ఉంది, వెక్కిరింపు అక్కడే మొదలవుతుంది. వాల్వులున్న యూఫోనియం అర్ధస్వరాలను శుభ్రంగా పలుకుతుంది, దాని సహజ కంపనం చెల్లో కంపనానికి దగ్గరగా ఉంటుంది. పైగా ఇంగ్లండ్ బ్యాండ్ సంప్రదాయంలో హృదయాన్ని కదిలించే రాగాలు ఎప్పుడూ యూఫోనియానివే. ఆ వాద్యకారుడికి ఇలాంటి పలుకు మీద నిజమైన ప్రేమ ఉంటుంది. దాన్ని ఎంచుకున్నాను.

ఆయన చేతిలోకి వెళ్ళిన కాగితం మీద హాస్యానికి సంబంధించిన ఒక్క సూచన కూడా రాయలేదు. వాగ్నర్ ప్రిల్యూడ్‌ను ఆర్కెస్ట్రా రికార్డింగ్‌లో విని, చెల్లోలు వాయించినట్టు వాయించమని మాత్రమే కోరాను. మొదటి రిహార్సళ్ళలో ఆయన పలుకు చివర కొంచెం సాగదీసి, పక్కవారి వైపు చూసి నవ్వేవారు. మిగిలినవారు కూడా ముందే నవ్వేవారు. ఆ నవ్వు వేదిక మీదనే ఖర్చయిపోతే శ్రోతలకు మిగలదని నిర్వాహకుడు నెమ్మదిగా నచ్చజెప్పారు.

ముందున్న అరేంజ్‌మెంట్‌లోని వేగపు తగ్గింపును పూర్తిగా తీసేశాను. డెబ్యుస్సీ ‘నెమ్మదించు’ అన్న సూచనను పలుకు దగ్గరే పెట్టాడు, దానికి ముందు కాదు. నృత్యం గోడకు కొట్టుకున్నట్టు ఆగి వాగ్నర్ మొదలవ్వాలి. నిర్వాహకుడికి ఇది చేతితో చూపడం కష్టమైంది. చివరకు ఆయన ఆ ఒక్క పలుకుకు తాళం చూపడం మాని యూఫోనియాన్నే స్వేచ్ఛగా నడవనిచ్చి, నవ్వు ప్రవేశానికి మాత్రం స్పష్టమైన సంజ్ఞ ఇచ్చారు. జవాబు శ్రుతిసమూహాలు వాయించేవారు ఆయన చేతిని కాక యూఫోనియాన్ని వినడం మొదలుపెట్టాక అవి కూడా మెరుగుపడ్డాయి.

నవ్వు శ్రుతిసమూహాలు

పియానో మీద గ్రేస్ నోటు ప్రధాన స్వరంతో దాదాపు కలిసే నలుగుతుంది. ట్రంపెట్ మీద అది వాల్వు కదలికగా సులువే, ట్రాంబోన్ మీద మాత్రం మళ్ళీ జారుడే. కాబట్టి నవ్వు మొత్తం ట్రంపెట్లకే ఇచ్చాను. ముగ్గురు ట్రంపెట్ వాద్యకారులు గ్రేస్ నోటును ఒకే క్షణాన వాయించడం కష్టం. ముగ్గురూ వాయిస్తే గుసగుసలా చెదిరింది. రెండవ, మూడవ ట్రంపెట్లకు గ్రేస్ నోటు ఇచ్చి, నాలుగవదానికి ప్రధాన స్వరం మాత్రమే సరిగ్గా తాళం మీద రాశాను. ఆ ఒక్క స్వరం వెన్నెముకగా నిలిచి మిగిలిన రెండింటి చెదురును దాచింది.

మ్యూట్ల సంగతి ఇంకా మిగిలి ఉంది. నవ్వుకు స్ట్రెయిట్ మ్యూట్ కావాలి, ఆ సన్నని, ముక్కుతో పలికినట్టున్న ధ్వని లేకుండా అది నవ్వు కాదు. కానీ వాగ్నర్ పలుకు సమయంలో ముగ్గురు వంగి మ్యూట్లు తీసి పెట్టుకుంటుంటే శ్రోతలందరి కళ్ళూ అటే పోతాయి, యూఫోనియం వృథా అవుతుంది. నడిమి భాగం మెల్లగా మొదలయ్యేచోట పెట్టుకున్నా అంతే. మొదటి భాగం చివర బిగ్గరగా ఉన్న గతులను మొదటి ట్రంపెట్, హార్న్, ట్రాంబోన్లకు తిరిగి పంచి, మిగిలిన మూడు ట్రంపెట్లను అక్కడ ఖాళీగా వదిలాను. ధ్వని పెద్దగా ఉన్నప్పుడు చేతుల కదలిక ఎవరి కంటా పడదు. ఇదే కారణంతో యూఫోనియం వాద్యకారుడు రచన మొదటి నుంచీ యూఫోనియంతోనే కూర్చున్నారు. మధ్యలో ట్రాంబోన్ పక్కన పెట్టి వాద్యం మార్చుకునే పని పెట్టలేదు.

జారుడు స్వరాల పరీక్ష

నిర్వాహకుడి మొదటి కోరికను పూర్తిగా తోసిపుచ్చకుండా, మొదటి నృత్యం తిరిగి వచ్చేచోట ట్రాంబోన్లకు ఒక జారుడు స్వరం చేర్చి, వాద్యకారుల కుటుంబసభ్యుల ముందు జరిగిన రిహార్సల్‌లో పరీక్షించాం. నవ్వు వచ్చింది, గట్టిగానే వచ్చింది. ఒకసారి విన్నవారికే రెండవసారి వాయించినప్పుడు వాగ్నర్ దగ్గర నవ్వు పూర్తిగా పోయింది. అందరూ జారుడు స్వరం కోసం కాచుకుని కూర్చున్నారు. చవకగా దొరికే నవ్వు ఒకటి ఉంటే, ఆలోచనతో పుట్టే నవ్వుకు శ్రోత ఎదురుచూడడు. ఈ పరీక్ష చూశాక దాన్ని తీసేద్దామన్నది నిర్వాహకుడే.

శీర్షిక విషయం

శీర్షిక తమకు ఇబ్బందిగా ఉందని బృందంలో కొందరు చెప్పారు. వారి మాట సరైనదే. గాలివాగ్ అన్న బొమ్మ ఫ్లోరెన్స్ కేట్ అప్టన్ 1895లో వెలువరించిన పిల్లల పుస్తకం నుంచి వచ్చింది, అది నల్లజాతివారిని వికృతంగా చిత్రించిన రూపం. కేక్‌వాక్ చరిత్ర ఇందుకు ఎదురుగా నడుస్తుంది. అమెరికా దక్షిణ ప్రాంతపు తోటల్లో బానిసలుగా ఉన్న నల్లజాతివారు తమ యజమానుల ఠీవి నడకలను అనుకరిస్తూ ఆడిన నృత్యంగా అది మొదలైంది. అంటే ఆ నృత్యమే ఆడంబరాన్ని చూసి నవ్వే నృత్యం. దాని పక్కన వాగ్నర్‌ను ఉంచితే నవ్వు ఎవరి మీదికి పోవాలో సంగీతంలోనే స్పష్టంగా ఉంది.

ఈ చర్చ అరేంజ్‌మెంట్‌ను కూడా నేరుగా తాకింది. ప్లంజర్ మ్యూట్ గుర్రుమనడాలు, జారుడు స్వరాలు ఇక్కడ చేరిస్తే నవ్వు వాగ్నర్ ఠీవి మీది నుంచి బొమ్మ మీదికి, ఆ బొమ్మ వెక్కిరించిన మనుషుల మీదికి మళ్ళుతుంది. పాత మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల (నల్లజాతివారిని వెక్కిరిస్తూ సాగిన అమెరికన్ వినోద ప్రదర్శనల) వాసన వస్తుంది. సంగీతపరంగా వాటిని తీసేయడానికి నాకు ముందే కారణాలున్నాయి, ఇది వాటికంటే పెద్ద కారణం. కార్యక్రమ పత్రంలో ‘చిల్డ్రన్స్ కార్నర్, ఆరవ భాగం’ అని వేసి, స్వరకర్త పెట్టిన పేరును, ఈ చరిత్రను కింద వివరణలో నాలుగు వాక్యాల్లో రాశారు. దాచిపెట్టడం కంటే ఇది మేలని అందరూ ఒప్పుకున్నారు.

అసలు మార్పు తెచ్చినది

ఇవన్నీ సరిచేసినా ఒక చిక్కు మిగిలింది. శ్రోతల్లో చాలామందికి ‘ట్రిస్టాన్’ తెలియదు. తెలియనివారికి అది నృత్యం మధ్యలో వచ్చిన ఒక నెమ్మదైన ముక్క మాత్రమే. హఠాత్తు మార్పుకు, దాని వెంట వచ్చే కిసుకు నవ్వుకు వారూ చిరునవ్వు నవ్వగలరు. కానీ డెబ్యుస్సీ ఎవరిని చూసి నవ్వుతున్నాడో తెలిస్తేనే పూర్తి ఆనందం. వివరణలో రాస్తే సరిపోతుందా? ముందుగా చదివిన హాస్యం విన్నప్పుడు పేలదు.

అందుకే ప్రిల్యూడ్ మొదటి పదిహేడు గతులను, అంటే ఎదురుచూసిన చోటికి చేరకుండా ఎఫ్ మేజర్ శ్రుతిసమూహం మీదికి దారి తప్పే చోటు వరకు, ఇదే బృందానికి అమర్చాను. దాన్ని కార్యక్రమం మొదటి సగంలో, పూర్తి గంభీరతతో, వెనువెంటనే ఎఫ్ మేజర్‌లో ఉన్న ఒక నెమ్మదైన కోరల్‌లోకి (స్తోత్రగీతం తరహా రచనలోకి) కలిసిపోయేలా పెట్టమని సూచించాను. మొదటి పలుకు అక్కడ కూడా యూఫోనియానికే, అదే వాద్యకారుడికే. డెబ్యుస్సీ రచన రెండవ సగంలో వచ్చింది. రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ ప్రకటించలేదు.

కచేరీలో వాగ్నర్ పలుకు మొదటిసారి వచ్చినప్పుడు అక్కడక్కడా తలలు తిరిగాయి, ఎక్కడో విన్నామే అన్నట్టు. ట్రంపెట్ల నవ్వు తర్వాత కొందరు పైకే నవ్వారు. పలుకు మళ్ళీ వచ్చేసరికి, యూఫోనియం మొదటి స్వరం ఎత్తగానే, ట్రంపెట్ల కంటే ముందే శ్రోతలు నవ్వారు. ఆ యూఫోనియం వాద్యకారుడు ఆ నవ్వుల మధ్య కూడా ముఖం మార్చకుండా, అంతే ప్రేమతో పలుకును ముగించారు. నాకు ఈ కేసు మొత్తంలో అన్నిటికంటే సంతోషం కలిగించినది అదే.

నేర్చుకున్నవి

హాస్య రచనను మరో వాద్యానికి మార్చేటప్పుడు ముందుగా తేల్చుకోవలసినది నవ్వు ఏ గతిలో పడాలన్నది. ఆ చోటు నిర్ణయమైతే దానికి ముందున్న ప్రతి సూచనా ఆ చోటును దాచడానికి పని చేయాలి: వేగం, మ్యూట్, ఊపిరి, కూర్చున్న తీరు. వాద్యకారుల శరీరాలు కూడా అరేంజ్‌మెంట్‌లో భాగమేనని పియానో ప్రతిని చూస్తూ కూర్చుంటే తట్టదు. అక్కడ ఉన్నది ఒక్క శరీరమే, అది కూడా కూర్చునే ఉంటుంది.

ఆర్కెస్ట్రా ప్రతిని ఆధారంగా తీసుకోవడంలో జాగ్రత్త కావాలి. 1911లో వెలువడిన కాప్లే ప్రతి అందమైనదే, కానీ తీగలను వేలితో మీటగల వాద్యాలున్నచోట పొడిదనం అడగకుండానే వస్తుంది. మన దగ్గర ఆ సదుపాయం లేదు. ప్రతిసారీ పియానో ప్రతికే తిరిగి వెళ్ళడం నాకు మేలు చేసింది. డెబ్యుస్సీ తానే ‘చిల్డ్రన్స్ కార్నర్’ మొత్తాన్ని వెల్టే-మిన్యోన్ పియానో రోళ్ళ (వాయించిన తీరును రంధ్రాలుగా నమోదు చేసే కాగితపు చుట్టల) మీద నమోదు చేశాడు. రోలు తిరిగే వేగాన్ని బట్టి లయ మారుతుంది కనుక వేగానికి వాటిని ప్రమాణంగా తీసుకోలేదు, కానీ వాక్యాల మధ్య విరుపు వినడానికి ఉపయోగపడతాయి.

తర్వాత అయిదుగురున్న మరో బృందం ఇదే అరేంజ్‌మెంట్‌ను తమకు కుదించమని అడిగింది: రెండు ట్రంపెట్లు, హార్న్, ట్రాంబోన్, ట్యూబా. యూఫోనియం లేదు, తాళానికి ట్రాంబోన్ తప్పదు. వాగ్నర్ పలుకును హార్న్‌కే ఇచ్చి, గంభీరత మరీ పెరగకుండా ఆ కాగితం మీద ‘చెల్లోలా’ అన్న ఒక్క మాట రాశాను. నవ్వుకు రెండు ట్రంపెట్లే ఉన్నాయి కనుక గ్రేస్ నోటు ఒకదానికే ఇచ్చాను. ట్యూబా అక్కడ మౌనంగా ఉండలేదు. దాని మంద్రస్వరాన్ని ఒక అష్టకం (ఆక్టేవ్, స్థాయి) పైన రాస్తే ఆలస్యం చాలావరకు తగ్గింది. ప్రిల్యూడ్ పదిహేడు గతులను అయిదుగురికి అమర్చే పని ఇంకా సాగుతున్నది, ఊపిరి చాలని దీర్ఘ స్వరాలను ఇద్దరి మధ్య ఎలా పంచాలన్న చోట ప్రస్తుతం ఉన్నాం.